ఆట చూపే దారి, ఆటగాడు వెతికే దారి

1985లో నింటెండో విడుదల చేసిన ‘సూపర్ మారియో బ్రదర్స్’లో ఒక కఠినమైన నియమం ఉంది. మారియో కుడివైపు పరిగెత్తే కొద్దీ తెర కూడా కుడికే జరుగుతుంది. దాటి వచ్చిన చోటు తెర ఎడమ అంచు అవతలికి పోయిందంటే ఇక అంతే, వెనక్కి వెళ్లి చూద్దామన్నా కుదరదు. మరుసటి ఏడాది అదే కంపెనీ నుంచి ‘మెట్రాయిడ్’ వచ్చింది. అవే బటన్లు, అలాంటి తెరే. మారియో నేర్పిన అలవాటుకొద్దీ కుడికి వెళ్లినవాళ్లకు కాసేపటికే దారి మూసుకుపోయింది. ఎదురుగా ఇరుకైన సందు, అందులో మనిషి పట్టదు. ఆట మొదలైన చోటి నుంచి ఎడమవైపు నాలుగడుగులు వేస్తే ఒక దిమ్మె మీద చిన్న గోళం ఉంటుంది. అది తీసుకున్నాక కథానాయిక సామస్ బంతిలా ముడుచుకుని ఆ సందులోంచి దొర్లిపోగలదు. ఇదంతా తెర మీద ఎక్కడా రాసి ఉండదు. ఆడేవాళ్లు గోడకు గుద్దుకుని, ఆగి, ఆలోచించి, వెనక్కి తిరగాలి.

ఒక గేమ్ గీసిన గీత మీద నడిపిస్తుంది, ఇంకొకటి వెతుక్కోమని వదిలేస్తుంది. సాహస గేముల మీద అప్పటి నుంచి జరుగుతున్న వాదనంతా ఈ రెండు గట్ల మీదే నిలబడి సాగుతోంది. గీత మీద నడిపే లీనియర్ గేమ్ అంటే చేతులు కట్టేసి నడిపించడమేనని ఒక పక్షం. ఖాళీ మైదానంలో గంటల తరబడి గుర్రం తోలడం కంటే బిగువైన పది గంటల కథ నయమని రెండో పక్షం. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఇద్దరూ మర్చిపోతున్నది మాత్రం ఆటగాడి చేతిని. చేతిలో ఉన్న బటన్లు ఏ పనులు చేయగలవు, ఎదుట కనిపించే లోకం ఆ పనులను ఎంతవరకు ఒప్పుకుంటుంది అన్న లెక్క కుదిరితే ఒకే దారిలోనూ అన్వేషణ పుడుతుంది. అది కుదరని గేముకు ఎంత పెద్ద మ్యాప్ ఇచ్చినా అది వీధిలో తిరగడమే అవుతుంది తప్ప వెతకడం కాదు. ఐదు దశాబ్దాల సాహస గేముల చరిత్రను ఈ కోణం నుంచి చూస్తే చాలా తగాదాలు తీరిపోతాయి.

అసలు ఈ గేముల పుట్టుకే ఒక గుహలో ఉంది. అమెరికన్ ప్రోగ్రామర్ విల్ క్రౌథర్‌కు గుహల్లోకి దిగి, కొలతలు తీసి, పటాలు గీసే అలవాటు ఉండేది. కెంటకీ రాష్ట్రంలోని మామత్ గుహల్లో తిరిగిన అనుభవంతో ఆయన 1976 ప్రాంతంలో ‘కొలోసల్ కేవ్ అడ్వెంచర్’ రాశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి పెద్దది చేశారు. ఉత్తరానికి వెళ్లు, దీపం తీసుకో లాంటి రెండు మాటల ఆజ్ఞలు టైప్ చేస్తే కథ కదులుతుంది. ఎంఐటీ విద్యార్థులు 1977లో మొదలుపెట్టిన ‘జోర్క్’ కూడా ఇదే బాటలో నడిచింది. జనం గళ్ల కాగితాలు ముందు పెట్టుకుని తమ పటాలు తామే గీసుకున్నారు.

ఆ కాలపు గేముల్లో స్వేచ్ఛ అపారంగా కనిపించేది, ఎందుకంటే భాషలో ఉన్న క్రియలన్నీ ఆటగాడి చేతిలోనే ఉన్నట్టు అనిపించేది. కంప్యూటర్‌కు మాత్రం వాటిలో కొన్నే తెలుసు. తాడు కట్టాలని తెలిసినా ఏ మాట టైప్ చేస్తే అది ఒప్పుకుంటుందో తెలియక తల పట్టుకున్నవాళ్లు ఎందరో. అన్వేషణ గుహలో జరగాల్సింది పోయి నిఘంటువులో జరిగింది. చేతికీ లోకానికీ కుదరకపోవడం అంటే ఏమిటో అప్పుడే మొదటిసారి బయటపడింది.

దీనికి మూడు మందులు వచ్చాయి. అటారీలో పనిచేసిన వారెన్ రాబినెట్ అదే గుహ ఆటను జాయ్‌స్టిక్, ఒకే ఒక్క బటన్‌తో ఆడేలా మార్చి 1980 నాటి ‘అడ్వెంచర్’ను తయారుచేశారు. నాలుగు కిలోబైట్లలో ముప్పై గదులు. చేతిలో ఒకసారి ఒక్క వస్తువే పడుతుంది, కాబట్టి కత్తి పట్టుకోవాలా తాళంచెవి పట్టుకోవాలా అన్నదే ఆటంతా. తయారీదారుల పేర్లు వేయడం అటారీకి ఇష్టం లేకపోవడంతో ఆయన తన పేరును ఒక రహస్య గదిలో దాచిపెట్టారు. కంటికి ఆనని బూడిదరంగు చుక్కను మోసుకుపోతే తప్ప ఆ గది తెరుచుకోదు. రెండో మందు లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ నుంచి 1987లో ‘మానియాక్ మాన్షన్’తో వచ్చింది. రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ బృందం క్రియలన్నిటినీ తెర కింద జాబితాగా పెట్టేసింది. ఇక మాట కోసం తడుముకోనక్కర్లేదు. ఆటగాడిని అకారణంగా చంపే, తిరిగిరాని చోట ఇరికించే పజిళ్ల మీద 1989లో ఘాటైన వ్యాసం రాసిన గిల్బర్ట్, 1990 నాటి ‘మంకీ ఐలాండ్’లో వాటిని దాదాపు లేకుండా చేసి చూపించారు. మూడోది ర్యాండ్, రాబిన్ మిల్లర్ సోదరుల ‘మిస్ట్’. 1993లో వచ్చిన ఈ గేములో క్రియలే లేవు, మౌస్ క్లిక్ ఒక్కటే. నిర్జన ద్వీపంలో ఎక్కడ నొక్కినా చేయి పెట్టినట్టే. 2002లో ‘ది సిమ్స్’ దాటేదాకా పీసీ గేముల అమ్మకాల్లో అదే రికార్డు. చేతికి ఇచ్చిన పనులు తగ్గించిన గేములోనే ఎక్కువమంది వెతకడానికి సాహసించారన్నది గమనించదగ్గ సంగతి.

అసలు పరీక్ష 1996లో మొదలైంది. ఆ ఒక్క ఏడాదిలో మూడు గేములు త్రీడీ లోకంలో మనిషిని ఎలా నడపాలన్న ప్రశ్నకు మూడు వేర్వేరు జవాబులిచ్చాయి.

‘సూపర్ మారియో 64’ అనలాగ్ స్టిక్‌ను నమ్ముకుంది. స్టిక్‌ను కొంచెం వంచితే మారియో మెల్లగా నడుస్తాడు, పూర్తిగా వంచితే పరిగెత్తుతాడు. ఏ వైపు వంచితే ఆ వైపే వెళ్తాడు. షింజి మికామి నేతృత్వంలో క్యాప్‌కామ్ తెచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్’ కెమెరాలను గది మూలల్లో బిగించేసింది. తలుపు దాటగానే దృశ్యం ఠక్కున ఇంకో కోణానికి మారుతుంది. అలాంటప్పుడు బటన్ల దిశ తెరను బట్టి ఉంటే, కెమెరా మారిన ప్రతిసారీ కుడి ఎడమైపోతుంది. అందుకే పైబటన్ నొక్కితే ఎప్పుడూ పాత్ర ముఖం ఉన్న వైపే ముందుకు నడిచేలా, పక్క బటన్లు ఉన్నచోటే తిప్పేలా పెట్టారు. గేమర్లు దీన్ని ట్యాంక్ కంట్రోల్స్ అంటారు. పాతకాలపు మొరటుతనమని తిట్టేవాళ్లు ఎక్కువ. అయితే ఆ బిగించిన కెమెరాకు అంతకంటే నమ్మకమైన పద్ధతి అప్పటికి లేదు.

మూడోది ‘టూమ్ రైడర్’. ఇంగ్లండ్‌లోని డెర్బీ పట్టణంలో కోర్ డిజైన్ సంస్థ తయారుచేసిన ఈ గేమును దగ్గరగా చూడాలి, ఎందుకంటే చేతినీ లోకాన్నీ ఒకే కొలబద్దతో కొలిచిన గేమ్ ఇది. లారా క్రాఫ్ట్ తిరిగే ప్రతి సమాధీ, ప్రతి గుడీ చతురస్రపు దిమ్మెలతో కట్టిందే. లారా నిలబడి దూకితే ఒక దిమ్మె వెడల్పు గుంట దాటుతుంది. పరిగెత్తి దూకితే రెండు. గాల్లో ఉండగా చేతులు చాపి అంచు పట్టుకుంటే మూడు. ఎదుట లోయ కనిపించగానే ఆడేవాళ్లు చేసే పని ఇలా ఉంటుంది. నడక బటన్ పట్టుకుని అంచు దాకా వెళ్తారు, ఆ బటన్ నొక్కి ఉన్నంతసేపూ లారా అంచు దాటి పడిపోదు. అక్కడి నుంచి ఒక్కసారి వెనక్కి గెంతుతారు. ఆ గెంతు సరిగ్గా పరుగుకు కావలసినంత చోటు ఇస్తుంది. ఇక ముందుకు పరిగెత్తుతూ దూకే బటన్ పట్టుకుంటే లారా కాలు అంచు మీద పడ్డప్పుడే ఎగురుతుంది. పడితే తప్పు ఆటగాడి లెక్కది, గేముది కాదు.

ఇక్కడ ఏ బాణం గుర్తూ లేదు. లెవెల్‌కు ఒకే మొదలు, ఒకే చివర, అంటే కాగితం మీద లీనియర్ గేమే. అయినా ఆడినవాళ్లు దాన్ని అన్వేషణగానే గుర్తుపెట్టుకున్నారు. దూరాన ఉన్న దిమ్మెను చూసి, మనసులో దూరం కొలిచి, అందుతుందా అందదా అని తేల్చుకునే పని గేమ్ వాళ్ల చేతిలోనే ఉంచింది కాబట్టి. 1998లో వచ్చిన మూడో భాగం మన దేశపు అడవుల్లోనే మొదలై గంగానది మీదుగా సాగుతుంది. 2024 ఫిబ్రవరిలో ఆస్పైర్ సంస్థ మొదటి మూడు భాగాలనూ మెరుగుపరిచి తిరిగి విడుదల చేసినప్పుడు పాత కంట్రోల్స్‌తో పాటు స్టిక్ ఎటు వంచితే అటు వెళ్లే ఆధునిక పద్ధతి కూడా ఇచ్చింది. గదిలో తిరగడానికి ఆధునిక పద్ధతే హాయి. లోయ అంచున నిలబడి సరిగ్గా ఒక దిమ్మె వెనక్కి గెంతాల్సి వచ్చినప్పుడు మాత్రం పాతదే నయం. ఆ లోకం ఆ చేతి కోసమే కట్టింది మరి.

మొదటి టూమ్ రైడర్ వచ్చిన రెండేళ్లకు, 1998లో, ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఆకరీనా ఆఫ్ టైమ్’ ఇంకో మార్గం తీసింది. ఇందులో దూకడానికి బటనే లేదు. అంచు దాకా పరిగెత్తితే కథానాయకుడు లింక్ తనంతట తానే దూకేస్తాడు. ‘ఏ’ బటన్ పని సందర్భాన్ని బట్టి మారుతుంది, తలుపు దగ్గర తెరవడం, మనిషి దగ్గర మాట్లాడడం, రాయి దగ్గర ఎత్తడం. ఆ క్షణాన అది ఏం చేస్తుందో తెర మీదే రాసి ఉంటుంది. ‘జెడ్’ మీట నొక్కితే చూపు శత్రువు మీద నిలిచిపోతుంది. కెమెరాతో కుస్తీ పట్టే బాధ తీరి, ఆడేవాళ్ల ధ్యాస లోకం మీదికి మళ్లింది. తర్వాతి రెండు దశాబ్దాల సాహస గేముల్లో చాలా వరకు ఈ మూడు ఏర్పాట్లకు రుణపడి ఉన్నవే.

ఫుమితో ఉయెదా చేసిన ‘ఇకో’ (2001), ‘షాడో ఆఫ్ ది కొలోసస్’ (2005) గేముల్లో ఒక్క బటన్‌కే కథ బరువంతా ఎత్తారు. మొదటిదాంట్లో ఆర్‌1 బటన్ పట్టుకుంటే బాలుడు యోర్డా అనే అమ్మాయి చేయి పట్టుకుంటాడు. వదిలితే చేయి వదిలేస్తాడు. రెండోదాంట్లో అదే బటన్ పట్టుకుంటే కొండంత జీవి ఒంటి మీది వెంట్రుకలు పట్టుకుని వేలాడతాడు నాయకుడు. పట్టు సన్నగిల్లేదాకా వేలు తీయడానికి లేదు. పదహారు జీవులనూ ఒక నిర్ణీత వరుసలోనే ఎదుర్కోవాలి. మధ్యలో ఉన్న మైదానం మాత్రం ఎటు చూస్తే అటు తెరిచే ఉంటుంది. ఎండలో ఖడ్గం పైకెత్తితే వెలుగు ఒక దిక్కున చిక్కబడుతుంది, అంతే, మిగిలింది గుర్రం, ఆటగాడు చూసుకోవాలి. కథ ఒకే గీత మీద నడుస్తూ లోకం విశాలంగా ఉండడం సాధ్యమేనని నిరూపించిన గేముల్లో ఇది ముందు వరుసలో ఉంటుంది.

తెలుగు నాట నెట్ సెంటర్ల కాలంలో పెరిగినవాళ్లకు ఈ కన్సోల్ గేములు అంతగా అందలేదు. వాళ్లకు తెలిసింది ‘వైస్ సిటీ’, ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’, 2000లో వచ్చిన ‘ప్రాజెక్ట్ ఐజీఐ’. చివరిది కాల్పుల గేమే అయినా ఈ చర్చలో దానికి చోటివ్వాలి. మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి, వరుస మార్చడానికి లేదు. కానీ ప్రతి మిషన్‌లోనూ కొండలు, కంచెలు, కావలి బురుజులున్న విశాలమైన సైనిక స్థావరాన్ని ముందు పెట్టి, ఏ వైపు నుంచి చొరబడతావో నీ ఇష్టం అంటుంది. చేతిలో బైనాక్యులర్లు, ఉపగ్రహం నుంచి పైకోణంలో చూపించే మ్యాప్. మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు, చస్తే మొదటికే. అందుకే కుర్రాళ్లు కొండ మీద పడుకుని కాపలావాళ్లు ఎటు తిరుగుతున్నారో గంటలసేపు గమనించేవారు. పని ఒకటే, దారి మాత్రం ఎవరిది వాళ్లదే. ఈ గేముకు మన దేశంలో ఇప్పటికీ అంత అభిమానం ఉండడానికి ఇదీ ఒక కారణమే.

2007లో మొదలైన ‘అన్‌చార్టెడ్’ వరసతో నాటీ డాగ్ సంస్థ సినిమా తరహా సాహసాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లింది. కూలే వంతెనలు, లోయలోకి వేలాడే రైలు బోగీలు. చూడడానికి కన్నులపండుగ. చేతికి మాత్రం పని తక్కువ. స్టిక్ కాస్త అటూఇటూగా వంచి దూకినా కథానాయకుడు నేథన్ డ్రేక్ చేతులు అంచును అందుకుంటాయి. లారా లెక్కలు ఇక్కడ అక్కర్లేదు. దానికి ప్రతిఫలంగా వేగం, సంభాషణ, ఊపిరాడని ఉత్కంఠ దొరుకుతాయి. ఈ బేరం తప్పని అనలేం. అయితే అదే సంస్థ 2017లో తెచ్చిన ‘ది లాస్ట్ లెగసీ’ ఈ వరసలో అన్నింటికంటే మెరుగని చెప్పడానికి సందేహించనక్కర్లేదు. కథ జరిగేది మన పడమటి కనుమల్లో, వెతికేది హొయసళుల కాలపు నిధిని. నాలుగో అధ్యాయంలో కథానాయిక క్లోయీ ఫ్రేజర్ ఒక బురుజెక్కి నలుదిక్కులా చూసి, కాగితం మ్యాప్ మీద కలంతో గుర్తులు పెట్టుకుంటుంది. తర్వాత జీపు తాళాలు ఆటగాడివే. ఏ కోటకు ముందు వెళ్లాలో, మధ్యలో కనిపించిన శిథిలాల దగ్గర ఆగాలో లేదో అంతా వాళ్ల చిత్తం. ఆ అధ్యాయం అయిపోగానే గేమ్ మళ్లీ ఒకే దారిలోకి వస్తుంది. ఈ మధ్యలోని విశాలత వల్లే ముందూ వెనకల బిగువు ఇంకా బాగా తెలుస్తుంది.

లోకమంతా తిరగనిచ్చే ఓపెన్ వరల్డ్ గేముల కథ ఇంకో రకం. 2007 నాటి మొదటి ‘అసాసిన్స్ క్రీడ్’ కంట్రోల్స్‌లో అందమైన ఆలోచన ఉంది. కంట్రోలర్ మీది నాలుగు బటన్లు మనిషి శరీరంలోని నాలుగు భాగాలు. పైది తల, కిందిది కాళ్లు, పక్కవి రెండు చేతులు. ఆర్‌1 పట్టుకుంటే అవే భాగాలు దూకుడుగా పనిచేస్తాయి, వదిలితే నెమ్మదిగా. జెరూసలేం గోడలెక్కే ఆ ఒడుపు అప్పటికి కొత్త. అందులోని ఎత్తైన బురుజులెక్కి చుట్టూ చూస్తే మ్యాప్ తెరుచుకునే పద్ధతి మాత్రం తర్వాత ‘ఫార్ క్రై 3’ లాంటి ఎన్నో గేములకు అంటుకుంది. బురుజెక్కగానే మ్యాప్ నిండా గుర్తులు పడతాయి. ఇక ఆడేవాళ్లు లోకాన్ని చూడరు, మూలనున్న చిన్న మ్యాప్‌ను చూస్తారు. ఇంట్లో రాసిచ్చిన చీటీ పట్టుకుని కిరాణా కొట్లో ఒక్కో సరుకూ కొట్టేసుకుంటూ పోయినట్టు సాగుతుంది ఆట. లోకం పెద్దదే కానీ అందులో వెతికిపెట్టాల్సింది ఏమీ మిగలదు.

2018 నాటి ‘రెడ్ డెడ్ రిడెంప్షన్ 2’ ఇంకా చిత్రమైన సందర్భం. అడవులు, జింకలు, మంచు, ఊళ్ల మీద రాక్‌స్టార్ పెట్టిన శ్రద్ధకు సాటి లేదు. తిరిగినంతసేపూ ఆ లోకం ఆటగాడిదే. మిషన్ మొదలవగానే పరిస్థితి తిరగబడుతుంది. చెప్పిన దారి వదిలి పక్కనుంచి వెళ్లినా, తోటివాళ్లకు దూరమైనా మిషన్ విఫలమైందని మొదటికి తోస్తుంది. పరిగెత్తాలంటే బటన్ పదేపదే నొక్కుతూ ఉండాలి. సొరుగు తెరవాలన్నా, డబ్బా తీసుకోవాలన్నా పాత్ర కదలిక పూర్తయ్యేదాకా ఆగాలి. ఆ బరువు కథానాయకుడు ఆర్థర్ మోర్గన్ కథకు సరిపోతుందని కొందరంటారు, ఆ వాదనలో పస ఉంది. మిషన్ల బిగింపుకు మాత్రం సమర్థన దొరకదు. లోకమంతా తెరిచిపెట్టి, కథ నడిచే గంటల్లో దాన్ని మూసేయడం ఓపెన్ వరల్డ్ గేముల్లో అన్నిటికంటే పెద్ద లోపం.

ఈ ముడి విప్పిన గేమ్ 2017 మార్చిలో వచ్చింది. జెల్డా వరసలోని ఆ ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ బృందం, నిర్మాత ఐజి అవొనుమా, దర్శకుడు హిదెమారో ఫుజిబయాషి ఆధ్వర్యంలో, మొదట మార్చింది మ్యాప్‌ను కాదు, చేతిని. ఆకరీనాలో లేని దూకే బటన్ వచ్చింది. దాదాపు ప్రతి గోడా, చెట్టూ, కొండా ఎక్కే వీలు వచ్చింది. ఎక్కుతున్నంతసేపూ పాత్ర పక్కన ఒక పచ్చని వలయం తరుగుతూ ఉంటుంది, అదే ఓపిక. వాన పడితే రాయి జారుతుంది. పైకి చేరాక గాలిపటం లాంటి తెరచాప విప్పి కిందికి తేలిపోవచ్చు. దూకడం, ఎక్కడం, తేలడం, ఇంతే. ఈ మూడు పనులను లోకమంతా ఒప్పుకుంటుంది.

లోకాన్ని కూడా ఆ చేతికి తగ్గట్టే మలిచారు. నేల ఆకారాలను త్రిభుజాలుగా ఆలోచించామని ఆ డిజైనర్లు 2017లో జపాన్‌లో జరిగిన సీడెక్ సదస్సులో వివరించారు. ఎదుట కొండ ఉంటే రెండు దారులు పుడతాయి, ఎక్కి దాటడం, చుట్టూ తిరగడం. పైగా కొండ తన వెనకున్నదాన్ని దాస్తుంది. నడిచే కొద్దీ అంచు పక్కనుంచి ఒక బురుజు కొసో, పొగో, మెరుపో మెల్లగా బయటపడుతుంది. పెద్ద త్రిభుజం దూరపు గుర్తు, మధ్యది చూపుకు అడ్డు, చిన్నది నడకకు లయ. దూరాలు ఎంతుండాలో తేల్చుకోవడానికి తమకు బాగా తెలిసిన క్యోటో నగరపు పటాన్ని కొలతగా వాడుకున్నారు. ఇందులోనూ బురుజులున్నాయి. ఎక్కితే మ్యాప్ మీద నదులు, కొండలు, పేర్లు మాత్రమే తెలుస్తాయి. గుర్తులు ఉండవు. పైనుంచి చూసి కంటికి నచ్చిన చోట ఆటగాడే సూది గుచ్చుకోవాలి.

ఆకరీనాలో దూకే బటన్ తీసేయడమూ సరైనదే, ఇక్కడ ఇవ్వడమూ సరైనదే. రెండు లోకాలు వేరు.

కొన్నేళ్లుగా గేమర్ల మధ్య రగులుతున్న పసుపు రంగు గొడవను కూడా ఈ లెక్కలోంచే చూడాలి. ఎక్కదగిన అంచుల మీద, పగలగొట్టదగిన పెట్టెల మీద పసుపు రంగు పూసి చూపించడం ‘రెసిడెంట్ ఈవిల్ 4’ కొత్త రూపంలోనూ (2023), మరుసటి ఏడాది ‘ఫైనల్ ఫాంటసీ 7 రీబర్త్’ డెమోలోనూ కనిపించి పెద్ద చర్చయింది. ఆటగాళ్లను తెలివితక్కువవాళ్ల కింద జమకడుతున్నారని కోపం. తయారీదారుల ఇబ్బంది కూడా నిజమే. గ్రాఫిక్స్ సహజంగా మారిన కొద్దీ కొండ మీద వెయ్యి పగుళ్లు కనిపిస్తాయి, వాటిలో చేయి పట్టేది ఒక్కటే. ఏది పట్టుకోవచ్చో చెప్పకపోతే ఆడేవాళ్లు గోడలు తడుముతూ కూర్చుంటారు. పాత టూమ్ రైడర్‌లో దిమ్మె ఆకారమే మాట్లాడేది. బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లో దాదాపు అన్నీ ఎక్కదగినవే కాబట్టి రంగు అవసరమే లేదు. లోకం చూపిస్తున్నదానికీ చేయి చేయగలిగినదానికీ మధ్య దూరం పెరిగిన చోటే రంగు డబ్బా బయటికి వస్తుంది. రంగును తిట్టడం కంటే ఆ దూరాన్ని తగ్గించమని అడగడం మేలు.

కాస్త సౌమ్యమైన ఉపాయాలూ ఉన్నాయి. ‘ఘోస్ట్ ఆఫ్ సుషిమా’లో టచ్‌ప్యాడ్‌ను పైకి తోస్తే గాలి వీస్తుంది. గడ్డి, ఆకులు గమ్యం వైపు వంగుతాయి. ‘ఎల్డెన్ రింగ్’లో విశ్రాంతి చోట్ల నుంచి సన్నని బంగారు కిరణం ఒక దిక్కు చూపుతుంది, అటు వెళ్లకపోయినా అడిగేవారుండరు. ‘హాలో నైట్’ అయితే మ్యాప్‌ను కూడా వెతికి సంపాదించుకోమంటుంది. కార్నిఫర్ అనే పటాల చిత్రకారుడు ఎక్కడో కూనిరాగం తీస్తుంటాడు, నేల మీద పడ్డ కాగితాల వెంట వెళ్లి ఆయన దగ్గర కొనుక్కోవాలి. పటంలో తానెక్కడున్నదీ తెలియాలంటే ఒక తాయెత్తు ధరించాలి. అది ధరిస్తే యుద్ధానికి పనికొచ్చే ఇంకొకదానికి ఆ మేరకు చోటు తగ్గుతుంది. దారి తెలియడానికి కూడా ఒక ధర ఉందన్నమాట.

‘ఔటర్ వైల్డ్స్’ (2019) ఈ ఆలోచనను చివరిదాకా తీసుకెళ్లింది. ఇరవై రెండు నిమిషాల్లో సూర్యుడు పేలిపోతాడు, మళ్లీ మొదలు. కొత్త ఆయుధాలు రావు, శక్తులు పెరగవు. మొదటి పావుగంటలో చేతిలో ఉన్న పనులే చివర్లోనూ. తెలిస్తే మొదటి రోజే ఆట ముగించవచ్చు. తెలియకపోవడమే తాళం, తెలుసుకున్నదే తాళంచెవి. అంతరిక్ష నౌకను నడపడం కష్టం, ఒకసారి తోస్తే ఆగదు, ఎదురు తోపు ఇవ్వాలి. ఆ కష్టం కూడా కావలసిందే, గ్రహాల కదలికను వేళ్లతో అర్థం చేసుకుంటేనే ఆ లోకపు రహస్యం విడుతుంది. గత పదేళ్ల సాహస గేముల్లో అన్వేషణ అన్న మాటకు ఇంతకంటే నిజాయితీగా నిలబడింది కనిపించదు.

అలాగని లీనియర్ గేములను తక్కువ చేయడానికి వీల్లేదు. 2013లో దర్శకుడు జోసెఫ్ ఫారెస్ చేసిన ‘బ్రదర్స్: ఎ టేల్ ఆఫ్ టు సన్స్’లో దారి పూర్తిగా ఒకటే. అన్న కంట్రోలర్ ఎడమ సగం, తమ్ముడు కుడి సగం. నీళ్లంటే భయపడే తమ్ముడు అన్న వీపు పట్టుకునే ఈదుతాడు. కథ చివర అన్న ఉండడు, నది మాత్రం అడ్డంగా ఉంటుంది. తమ్ముడి బటన్ నొక్కితే వాడు కదలడు. అంతకుముందు గంటలసేపు నొక్కిన, కాసేపటి క్రితం పనిలేకుండా పోయిన అన్న బటన్ మీదికి వేలు వెళ్తే తప్ప తమ్ముడు నీళ్లలోకి దిగడు. ‘వాట్ రిమెయిన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్’లో (2017) లూయిస్ కథ కూడా అంతే. ఒక చేత్తో ఫ్యాక్టరీలో చేపల తలలు కోస్తూనే ఉండాలి, రెండో చేత్తో అతని పగటికలలోని రాజ్యంలో నడవాలి. కోత యాంత్రికమైపోయి, కల తెరంతా ఆక్రమిస్తుంటే లూయిస్ మనసు ఎటు జారుతోందో ఆడేవాళ్ల వేళ్లకే ముందు తెలుస్తుంది. తిరగడానికి చోటు ఇవ్వని గేములు మనిషి లోపలికి ఇంత లోతుగా తీసుకెళ్లగలవు.

చేతుల గురించి మాట్లాడుతూ అందరి చేతులూ ఒకేలా ఉండవన్న సంగతి వదిలేయకూడదు. 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్, 2020లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ ఇచ్చిన అరవైకి పైగా సౌలభ్య ఏర్పాట్లు ఈ రంగానికి గౌరవం తెచ్చాయి. చూపు లేనివాళ్లు శబ్దాల ఆధారంగా దారి కనుక్కోగలిగారు, ఒక్క చేయి కదిలేవాళ్లు బటన్లన్నీ మార్చుకోగలిగారు. ఏ గేమ్ అయినా బటన్లు మార్చుకునే వీలు ఇవ్వకపోతే అది అసంపూర్ణమనే అనాలి.

మన దేశంలో గేములు ఆడే చేతుల్లో ఎక్కువ వాటికి తెలిసింది ఫోన్ తెరే. తెర మీద గీసిన బొమ్మ జాయ్‌స్టిక్‌కు అంచు ఉండదు, వేలికి ఆనదు. బొటనవేళ్లు చూడాల్సిన లోకాన్నే కప్పేస్తాయి. ‘గెన్షిన్ ఇంపాక్ట్’ లాంటివి కన్సోల్ సాహసాన్ని ఫోన్‌లోకి దింపి మెప్పించినా, తెరకు తగ్గ ఆలోచన 2014 నాటి ‘మాన్యుమెంట్ వ్యాలీ’లో ఉంది. అందులో వేలు పాత్రను తోయదు, కట్టడాన్నే తిప్పుతుంది. తిప్పగానే లేని వంతెన కలుస్తుంది. పుణెకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో తెచ్చిన ‘రాజీ’ తమ్ముడి కోసం వెతికే అక్క కథ. పురాణాలు, రాజస్థానీ కోటలు, పహాడీ చిత్రకళ ఎంతో అందంగా కుదిరాయి. చిన్న బృందం దూర కెమెరాతో ఒకే దారిలో కథ నడపడం తెలివైన నిర్ణయమే. గోడల మీద పరుగు, స్తంభాల మీద గెంతులు చూడముచ్చటగా ఉన్నా, ఎక్కడ దూకాలో ముందే నిర్ణయమైపోయి ఉండడంతో ఆ కోటలను మనమే కనుక్కున్నామన్న తృప్తి పూర్తిగా దక్కదు. తర్వాతి భారతీయ సాహస గేములు దృష్టి పెట్టాల్సింది ఇక్కడే. హైదరాబాద్ స్టూడియోల్లో పనిచేస్తున్న తెలుగు కళాకారులకు బొమ్మ గీయడంలో ఎవరికీ తీసిపోని నేర్పుంది. లెవెల్ గీసేవారూ కంట్రోల్స్ రాసేవారూ మొదటి రోజు నుంచే ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఆ బొమ్మలకు న్యాయం జరుగుతుంది. పెద్ద గేముల్లో తెలుగు దాదాపు వినపడని ఈ రోజుల్లో, అక్షరాల అవసరం లేకుండా వెలుగుతో, ఆకారంతో, గాలితో దారి చెప్పే గేములు మన పిల్లలకు మరింత దగ్గరవుతాయి కూడా.

ఆడేవాళ్ల చేతిలోనూ కొంత ఉంది. 2018లో వచ్చిన ‘షాడో ఆఫ్ ది టూమ్ రైడర్’లో పోరాటానికి, పజిళ్లకు, అన్వేషణకు వేర్వేరుగా కష్టం స్థాయి పెట్టుకోవచ్చు. అన్వేషణ స్థాయి పెంచితే అంచుల మీది తెల్ల రంగు మాయమవుతుంది. అదే ఏడాది ‘అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీ’లో ఎక్స్‌ప్లొరేషన్ మోడ్ పెడితే మ్యాప్ మీద గుర్తు పడదు. ఫలానా ఊరికి పడమర, ఏటి ఒడ్డున అని మనుషులు చెప్పిన ఆనవాళ్లే దిక్కు. ఇలాంటి వీలున్న గేములు ఇప్పుడు చాలానే ఉన్నాయి. కొత్త గేమ్ మొదలుపెట్టేవాళ్లు ముందు సెట్టింగుల్లోకి వెళ్లి ఆ గుర్తులన్నీ తీసేసి ఒక సాయంత్రం ఆడి చూడండి. దారి తప్పితే మళ్లీ పెట్టుకోవడానికి ఒక్క బటన్ చాలు.